ఓటీ లెక్క గేటు మీద రాయించండి

సంపాదకుడు గారికి,

దీపావళి దాటి పత్తి రావడం మొదలైతే మా ధర్మాబాద్ వైపు జిన్నింగ్ మిల్లుల్లో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లుల్లో, పది గంటల పని మామూలే. పేరుకు ఎనిమిది గంటల డ్యూటీ, మిగతా రెండు గంటలు ఓటీ (ఓవర్‌టైమ్). వారం చివర పగారు తీసుకునేటప్పుడు ఓటీకి ఎంత కట్టారని అడిగితే ముకద్దం (కూలీల మేస్త్రీ) నోట ఒకటే మాట: 'అందులోనే కలిపిచ్చాం.'

పోయిన సీజన్‌లో నేను చేసిన మిల్లులో మాట్లాడుకున్న కూలి రోజుకు 480 రూపాయలు. ఆరు రోజులు, రోజుకు పది గంటలు చేస్తే 3,600 ఇచ్చారు. నాకేం అనుమానం రాలేదు. గంటకు 60 చొప్పున 60 గంటలకు 3,600, సరిపోయింది కదా! పదో తరగతి చదివే మా అమ్మాయి పట్టుకుంది. (మహారాష్ట్ర బోర్డులో బీజగణితానికి విడిగా 40 మార్కుల పేపరే ఉంటుంది లెండి.) 'నాన్నా, ఓటీకి డబుల్ కదా' అని, గంట కూలిని 'క' అనుకుని వేసింది. వారానికి 48 గంటల మామూలు పనికి 48క. మిగిలిన 12 గంటలకు రెట్టింపు, అంటే 24క. మొత్తం 72క. క 60 అయితే రావలసింది 4,320. నాకు 720 తక్కువ వచ్చింది.

మర్నాడు అడిగితే డబులే కట్టామన్నాడు ముకద్దం. ఆ మాటకూ అదే లెక్కలో జవాబుంది. 72క అంటే 3,600 అయితే, క 50 అవుతుంది. డబుల్ ఇచ్చిన మాట నిజమైతే రోజు కూలి 480 కాదు, 400. రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకోవాలి. ఆయన ఏదీ ఒప్పుకోలేదు. ఆ పై వారం నన్ను బేళ్ల దగ్గర్నుంచి తీసి లారీలు దింపే పనికి పంపాడు.

నెల జీతగాళ్లది ఇంకో తిప్పలు. వారం సెలవులు పోను 26 రోజులకు లెక్క కట్టాల్సిన జీతాన్ని 30తో భాగిస్తారు. 12,480 జీతానికి గంట రేటు 60 నుంచి 52కు దిగిపోతుంది. ఓటీ గంటకు 120 బదులు 104. పదహారు రూపాయలకు ఎవరు కొట్లాడతారు?

రెట్టింపు అనేది మేం కొత్తగా అడుగుతున్నది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేదే, ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. కూలి రేట్లు నోటీసు బోర్డు మీద పెట్టాలని, పగారు చీటీ ఇవ్వాలని ఆ కోడే చెబుతోంది. మా గేటు దగ్గరా బోర్డు ఉంది. దాని మీద పొగ తాగరాదని మరాఠీలో రాసి ఉంది. పత్తి మిల్లు కాబట్టి అదీ అవసరమే.

కార్మిక శాఖ అధికారులు చీటీలో మూడు అంకెలు విడివిడిగా రాయించాలి: మామూలు గంటలు, ఓటీ గంటలు, గంట రేటు. చీటీ మరాఠీలో ఉన్నా ఫర్వాలేదు, మా పిల్లలు మరాఠీ బళ్లలోనే చదువుతున్నారు, చదివి చెబుతారు. గేటు బోర్డు మీద మాత్రం తెలుగులోనూ ఉండాలి. బాసర వైపు నుంచి పనికొచ్చే హమాలీలకు మరాఠీ చదవడం రాదు. వచ్చే సీజన్ పత్తి మిల్లుకు చేరేలోగా ఈ పని చేయించండి.

ఇట్లు,
ఒక జిన్నింగ్ మిల్లు కార్మికుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా