ఆ 14 రోజులకు ఒక మాట్లాడే మనిషిని ఇవ్వండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నర్సంపేట దగ్గరి ఒక ఊరి నుంచి నమస్కరించి రాస్తున్నాను. పిల్లల కోసం చికిత్స తీసుకునే మాలాంటివాళ్ల మనసు బాధ వినేందుకు దవాఖానలో ఒక కౌన్సెలర్ కావాలని కలెక్టరేట్ ప్రజావాణిలో మూడు సోమవారాలు దరఖాస్తు పెట్టాను. మూడు రసీదులూ బీరువాలో స్కానింగ్ రిపోర్టుల పక్కనే ఉన్నాయి. జవాబు రాలేదు.

మా పెళ్లయి తొమ్మిదేండ్లు. 2023లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ (పిండాన్ని బయట తయారుచేసి గర్భంలో పెట్టే చికిత్స) కేంద్రం తెరిచారని విని ఎంతో సంబురపడ్డాం. ఒంటికి మందులు, సూదులు ఎక్కడో ఒకచోట దొరుకుతున్నాయి. నీ మనసెట్లుంది బిడ్డా అని అడిగినవాళ్లు మాత్రం ఇన్నేండ్లలో ఒక్కరు లేరు.

పిండం పెట్టాక, గర్భం నిలిచిందా లేదా అని 14 రోజులకు రక్తపరీక్ష చేస్తారు. అన్ని రోజులూ గట్టిగా దగ్గాలన్నా భయం. బాత్రూంకు పోయిన ప్రతిసారీ మరక కనబడుతుందేమోనని గుండెదడ. రెండోసారి రిజల్టు మా యారాలి బిడ్డ ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ నాడే వచ్చింది. "నెగిటివ్ అమ్మా, మందులు ఆపేయండి" అని ఫోన్ పెట్టేశారు. కండ్లు తుడుచుకొని తొట్టెల దగ్గరికి పోతే, వరసకు పెద్దమ్మ అయ్యే ఆమె పాపను గబుక్కున ఎత్తుకొని అవతలికి పోయింది. ఆ రాత్రి నేను చేను బావి దాకా నడిచాను. మా ఆయన వెనకే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

ఆయన సంగతీ చెప్పాలి. నాలుగేండ్లు పరీక్షలన్నీ నాకే. ముందే చేయాల్సిన వీర్యపరీక్ష ఆయనకు చివర్న చేశారు. కౌంటు తక్కువని తేలింది. ఆ కాయితం చూసినప్పటి నుంచి చీకటి పడ్డాకే పత్తిచేను నుంచి ఇల్లు చేరుతున్నాడు. నేను ఏడిస్తే పదిమందికి తెలుస్తుంది. ఆయన ఏడవడు. నాకు ఆయన గురించే ఎక్కువ బుగులు.

మేడారం జాతరప్పుడు కన్నెపల్లిలో సారలమ్మ తల్లి గుడి నుంచి కదిలే వేళ, పిల్లల కోసం తడిబట్టలతో నేల మీద పండుకొని వరం పట్టాను. నా పక్కన వరుసగా ఎంతమందో. తల్లి మా మీదుగా దాటిపోయాక ముక్కూమొహం తెలియనివాళ్లం ఒకరి చేతులొకరం పట్టుకొని మాట్లాడుకున్నాం. ఇన్నేండ్లలో నా గుండె బరువు దిగింది ఆ కాసేపే.

దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలని ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టంలో ఉంది. మాకు ఫారాలు తిప్పి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు. మనసు బాధ చెప్పుకోవడానికి సర్కారు ఫోన్ నంబరు టెలిమానస్ 14416 ఉంది, నిజమే. రెండు గదుల ఇంట్లో అత్తమామలు వింటుంటే ఫోన్లో ఏం చెప్పుకోను?

సంతాన చికిత్స చేసే ప్రతి సర్కారు దవాఖానలో ఒక కౌన్సెలర్‌ను, తలుపు వేసుకోగల ఒక గదిని ఇవ్వండి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టండి. గర్భిణుల బెంచీ మీదే మమ్మల్నీ కూర్చోబెట్టొద్దు. "ఈ నెలన్నా నిలిచిందా" అని వాకిట్లో నిలబడి అడగొద్దని ఆశా అక్కలకు నేర్పించండి.

వచ్చే నెల మాకు మూడోసారి పిండం పెడతారు. ఆ 14 రోజులు మొదలయ్యేలోపు ఏదో ఒకటి చేయండి మంత్రి గారూ. మీ కాళ్లు మొక్కుతాను.

ఇట్లు,
పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఒక ఆడబిడ్డ