నాలుగో సెమిస్టర్ సంగీతం క్లాసును రద్దు చేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ కోసం ముందు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరి, అక్కడి నుంచి యూనివర్సిటీకి బదిలీ అయ్యే దారి పట్టే తెలుగు పిల్లల గురించి మన పత్రికల్లో తరచు చదువుతున్నాం. సంగీతమో తత్వశాస్త్రమో చదవాలనుకునే పిల్లల ఊసు మాత్రం ఎక్కడా రాదు. వాళ్లకూ ఈ దారి చవకే. రాష్ట్ర నివాసులకు ఒక్కో యూనిట్ (కోర్సు బరువును కొలిచే లెక్క) ఫీజు 2012 నుంచి 46 డాలర్ల దగ్గరే ఉంది. యూనివర్సిటీకి బదిలీ కావడానికి కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలు కూడా టర్మ్ మొదలయ్యే నాటికి ఏడాది పైన ఒక రోజు ఇక్కడ నివాసం ఉన్నట్టు రుజువులు చూపితే ఇదే ఫీజు కట్టవచ్చు. చిక్కల్లా రెండేళ్లలో పూర్తి కావలసిన సంగీతం కోర్సు రెండేళ్లలో పూర్తి కాకపోవడం.

సంగీతంలో థియరీ నాలుగు మెట్లు, సెమిస్టర్‌కు ఒకటి. ఒకటి పాసైతేనే రెండోది. ప్రతి థియరీ క్లాసుతో పాటు మ్యూజీషియన్‌షిప్ (చెవికి, గొంతుకు శిక్షణ), అప్లయిడ్ మ్యూజిక్ (సొంత వాద్యం లేదా గాత్రం పాఠం), ఎన్‌సెంబుల్ (కాయిర్, ఆర్కెస్ట్రా లాంటి బృందం) నాలుగు సెమిస్టర్లూ నడవాలి. మామూలుగా థియరీకి 3 యూనిట్లు, మ్యూజీషియన్‌షిప్‌కు ఒకటి, అప్లయిడ్‌కు అర, ఎన్‌సెంబుల్‌కు ఒకటి. కాగితం మీద చిన్న అంకెలే. అయితే ఆ ఒక్క యూనిట్ ఎన్‌సెంబుల్‌కు వారానికి మూడు గంటలు గదిలో ఉండాలి, అర యూనిట్ అప్లయిడ్‌కు రోజూ ఇంట్లో సాధన చేయాలి. ఇది తెలియక మొదటి సెమిస్టర్‌లోనే లెక్కలు, ఫిజిక్స్ కలిపి 16 యూనిట్లు తీసుకున్నవాళ్లు అక్టోబరుకల్లా చేతులెత్తేస్తారు.

మొదటి మెట్టులో ముప్పై మంది చేరితే నాలుగో మెట్టుకు పది పన్నెండు మంది మిగలడం సహజం. తగినన్ని పేర్లు రాలేదని క్లాసు మొదలయ్యే వారం ముందు దాన్ని రద్దు చేస్తారు. మళ్లీ పెట్టేది ఏడాదికి. తక్కిన సబ్జెక్టుల్లో అయితే వేరే కోర్సు తీసుకుని నెట్టుకురావచ్చు, ఇక్కడ దానికి బదులంటూ లేదు. హెచ్-4 పిల్లలకైతే ఈ ఏడాది ఇంకా బరువు. 21 నిండాక ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే నివాసుల ఫీజు పోయి కొన్ని రెట్లు కట్టాలి.

మన దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని వెళ్లే పిల్లల తల్లిదండ్రులకు ఈ క్లాసుల గురించి కొంత చెప్పాలి. ఆధార షడ్జమం ఎక్కడ పెట్టినా స్వరస్థానాలు పట్టుకోగల పిల్లలకు అక్కడి ‘మూవబుల్ డో’ పద్ధతి (ఏ శ్రుతిలోనైనా మొదటి స్వరాన్ని ‘డో’ అనడం) ఇట్టే వస్తుంది. తాళం వేసిన చేతికి రిథమ్ డిక్టేషన్ (విన్న లయను రాయడం) కష్టం కాదు. తడబడేది రెండు చోట్ల. గాంధారాన్ని ఊపకుండా తిన్నగా నిలబెట్టమంటే గమకానికి అలవాటైన గొంతు శ్రుతి తప్పుతుంది. రెండోది సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు గొంతుల రాత. రెండు గొంతులు పంచమం దూరంలో ఉండి, అదే దూరంతో కలిసి ఇంకో స్వరానికి జరిగితే మార్కులు పోతాయి. తంబూరా వింటూ పెరిగిన చెవికి స-ప జంట హాయిగా ఉంటుంది కాబట్టి మన పిల్లలకు అందులో తప్పే వినపడదు. రెండు గొంతులు ఒకే గొంతులా కలిసిపోయి, వేటి నడక వాటికి లేకుండా పోవడమే ఆ తప్పు. వయొలిన్ పిల్లలకు మరో గండం: మన స-ప-స-ప శ్రుతి వదిలి జి-డి-ఎ-ఇకి మారాలి, పాదం మీద ఆనించిన వాద్యాన్ని గడ్డం కిందికి తేవాలి. కాలేజీలో చేరే ముందు వేసవంతా దీనికే పెట్టడం మంచిది.

ఎన్‌సెంబుల్‌కు ఇంకో అడ్డంకి ఉంది. ఒకే కోవకు చెందిన ప్రదర్శన కోర్సుల్లో క్రెడిట్ కోసం నాలుగు సార్లకు మించి చేరకూడదని 2013 నుంచి రాష్ట్ర నిబంధన. మధ్యలో మానేసి ‘డబ్ల్యూ’ తీసుకున్నా అదీ ఒకసారి కిందే లెక్క. దీంతో ఏళ్ల తరబడి సాయంత్రాలు కాలేజీ కాయిర్‌లో పాడిన స్థానికులు బయటికి పోవాల్సి వచ్చింది. కొత్త పిల్లలు పక్కన నిలబడి శ్రుతి అందుకునేది ఆ గొంతుల నుంచే. డిగ్రీ లెక్కలోకి రాని నాన్‌క్రెడిట్ క్లాసులకు ఈ పరిమితి లేదు. ఒకే గదిలో ఒకే గురువు దగ్గర కొందరిని క్రెడిట్ కింద, కొందరిని నాన్‌క్రెడిట్ కింద నమోదు చేసే పద్ధతి కొన్ని కాలేజీల్లో ఉంది. అన్నిచోట్లా ఎందుకు పెట్టరు?

తత్వశాస్త్రానికి వరుస మెట్ల బాధ లేదు. బదిలీ డిగ్రీకి (యూనివర్సిటీకి బదిలీ కోసం కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) మేజర్‌లో, అంటే ప్రధాన విషయంలో, 18 యూనిట్లు చాలు: తర్కం, పరిచయమో నీతిశాస్త్రమో ఒకటి, ప్రాచీన లేదా ఆధునిక తత్వశాస్త్ర చరిత్ర వంటివి, ఆపైన ఐచ్ఛికాలు. దానికి వచ్చిన చిక్కు వేరు. 2025 ఫాల్ నుంచి అమల్లోకి వచ్చిన కాల్-జెట్‌సీలో (బదిలీ అయ్యేవారంతా మేజర్‌తో పాటు చదవాల్సిన సాధారణ కోర్సుల జాబితా) కళలు, మానవీయ శాస్త్రాలకు మూడు కోర్సుల చోట రెండే మిగిలాయి, ఒకటి కళల్లో, ఒకటి మానవీయ శాస్త్రాల్లో. ఇంజనీరింగ్ పిల్లవాడు కూడా సరదాపడి నీతిశాస్త్రం తీసుకునే ఆ మూడో చోటు పోయింది. నా దృష్టిలో ఇది పెద్ద నష్టం. ఆ పిల్లల నమోదు వల్లే చిన్న విభాగాలు నిలబడతాయి.

రెండూ చదవాలనుకునేవారు ముందే లెక్క వేసుకోవాలి. కాల్-జెట్‌సీకి 34 యూనిట్లు, సంగీతం మేజర్‌కు ఇరవై పైచిలుకు. అరవైలో తత్వశాస్త్రానికి ఒకటి రెండు కోర్సుల చోటే ఉంటుంది. తత్వశాస్త్రం మేజర్‌గా పెట్టుకుంటే కొన్ని కోర్సులు మేజర్‌కూ కాల్-జెట్‌సీకీ రెండింటికీ చెల్లుతాయి, సంగీతానికి చోటు మిగులుతుంది. క్రిటికల్ థింకింగ్ కోర్సు తత్వశాస్త్ర విభాగానిదై, వ్యాసరచన కూడా ఉండి, కాల్-జెట్‌సీలోని 1బీ విభాగం కింద చెల్లుతుందేమో చూసుకోండి. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్లో ఉంటుంది, కౌన్సెలర్ నోటి మాటతో సరిపెట్టుకోవద్దు.

తర్కం క్లాసులో మొదట హెచ్చరించే పొరపాటు ఒకటి బదిలీ విషయంలో చాలామంది చేస్తున్నారు. బదిలీ డిగ్రీ ఉంటే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం. ఇది నిజం. అందువల్ల కోరుకున్న క్యాంపస్‌లో, అదీ సంగీత విభాగంలో సీటు ఖాయమనుకోవడం తప్పు. సంగీతానికి ఆడిషన్ ఉంటుంది, థియరీ, పియానో స్థాయి పరీక్షలూ పెడతారు. దరఖాస్తులు అక్టోబరు, నవంబరు నెలల్లోనే మొదలవుతాయి కాబట్టి ఆ పాటికి మూడో మెట్టు థియరీలో ఉండాలి. ఆడిషన్‌కు పాడే కృతులు, వాయించే రచనలు వేసవిలోనే సిద్ధం చేసుకోవాలి.

కాలేజీలు చేయగలిగిన పనులు మూడున్నాయి. సంగీతం, తత్వశాస్త్రం కోర్సుల రెండేళ్ల టైంటేబుల్ ముందే ప్రకటించాలి. నాలుగో మెట్టు క్లాసును నమోదు సంఖ్య చూసి కాకుండా, బదిలీకి అవసరం కాబట్టి నడపాలి. కాయిర్, ఆర్కెస్ట్రాలకు నాన్‌క్రెడిట్ నమోదు తెరవాలి. ఈ మూడూ జిల్లా ట్రస్టీల బోర్డు దాకా తీసుకుపోవచ్చు. ట్రస్టీలు మనం ఓట్లు వేసి ఎన్నుకునేవాళ్లే. ఓటు లేనివారికి కూడా బోర్డు సమావేశంలో మాట్లాడే హక్కు ఉంది. ఎజెండాను 72 గంటల ముందు పెట్టాలని చట్టం. మాట్లాడటానికి మూడు నిమిషాలే ఇవ్వవచ్చు కాబట్టి రద్దయిన క్లాసు పేరు, సెమిస్టర్, ఎంతమంది పిల్లలు ఆగిపోయారో రాసుకుని వెళ్లండి. ఫాల్ టైంటేబుల్ వసంతంలోనే ఖరారవుతుంది. వెళ్లేదేదో దానికి ముందే వెళ్లాలి.

– కర్ణాటక సంగీత ఉపాధ్యాయురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా