ఆర్య–ద్రావిడ వాదానికీ ఒక పుట్టినూరు ఉంది

సంపాదకులకు నమస్కారాలు.

కొద్ది వారాలుగా మీ లేఖల శీర్షికలో ఆర్య–ద్రావిడ వివాదం మీద వస్తున్న ఉత్తరాలను వరసగా చదువుతున్నాను. ద్రావిడులన్న మాటే తెల్లదొరలు మనల్ని విడదీయడానికి అల్లిన కుట్ర అని ఒకరు రాస్తే, ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చినవారు మన పూర్వికులను దక్షిణానికి తరిమేశారన్నది ఎప్పుడో రుజువైన చరిత్ర అని మరొకరు రాశారు. ఇద్దరి ఆవేశంలోనూ నిజాయితీ ఉంది. అయితే తాము పట్టుకు పోట్లాడుతున్న ఆ భావం ఏ సంవత్సరంలో, ఏ ఊళ్ళో, ఎవరి చేతుల మీదుగా పుట్టిందో ఇద్దరూ ఆరా తీసినట్టు కనిపించదు. ఆ సంగతి వివరంగా చెప్పే పరిశోధన గ్రంథాలు ఉన్నాయి. అవి తెలుగు పాఠకుడి దాకా రాకపోవడం గురించే ఈ ఉత్తరం.

అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ 1997లో ‘ఆర్యన్స్ అండ్ బ్రిటిష్ ఇండియా’, 2006లో ‘లాంగ్వేజెస్ అండ్ నేషన్స్’ అనే పుస్తకాలు ప్రచురించారు. అవి చెప్పే కథ 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగంతో మొదలవుతుంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని జోన్స్ అక్కడ ప్రకటించాడు. ఆయన మనసులో ఉన్న చట్రం మాత్రం బైబిలుది. లోకంలోని జాతులన్నీ జలప్రళయం నుంచి బయటపడ్డ నోవహు ముగ్గురు కొడుకుల సంతానమని నమ్మినవాడు కాబట్టి, భారతీయులను వారిలో ఒకడైన హాము వంశంలో చేర్చాడు. ఆ తర్వాత కొంతకాలం ఈ దేశంలోని భాషలన్నీ సంస్కృతం బిడ్డలేనన్న అభిప్రాయం పండితుల్లో స్థిరపడింది. 1814లో బెంగాల్‌లోని శ్రీరామపురంలో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీదీ అదే మాట.

దాన్ని కాదన్నది మద్రాసు. 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల, కుంపిణీ కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పే చోటు. అక్కడి నుంచి 1816లో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దాని పీఠికకు అనుబంధంగా మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం చేర్చాడు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు ఒకే కుటుంబానికి చెందినవని, ఆ కుటుంబం సంస్కృతం నుంచి పుట్టినది కాదని అచ్చులో నిరూపించిన మొదటి రచన అదే. మనం సాధారణంగా ఈ ఘనత కట్టబెట్టే కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856 నాటిది, అంటే నలభై ఏళ్ళ తర్వాతిది. ద్రావిడ భాషల తొలి రుజువు తెలుగు మీద, తెలుగు వ్యాకరణ పీఠికలో జరిగిందన్న విషయం, తెలుగు చదివి తెలుగే చెప్పుకు బతికిన నాకు అరవై ఏళ్ళు దాటాక తెలిసింది.

ఆ రుజువు నడిచిన తీరు చూడదగ్గది. ఎల్లిస్ ముందు సంస్కృత ధాతువులను, అంటే మాటల మూలరూపాలను, తెలుగు ధాతువులను పక్కపక్కన పేర్చి, రెంటికీ పొత్తు లేదని చూపించాడు. తర్వాత తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను మూడు వరసల్లో పెట్టి వాటి చుట్టరికం చూపించాడు. మన ఇంట్లో మాటలతోనే ఇది తెలుస్తుంది. మన పాలు తమిళంలో పాల్, కన్నడంలో హాలు, సంస్కృతంలో క్షీరం. మన పన్ను తమిళంలో పల్, కన్నడంలో హల్లు, సంస్కృతంలో దంతం. ‘మేము’ అన్నప్పుడు ఎదుటివారిని వదిలేసి, ‘మనము’ అన్నప్పుడు కలుపుకునే తేడా తమిళంలో ఉంది, సంస్కృతంలో లేదు. ధాతువుల పట్టిక కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రిది. ఇక తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభజన మనం బళ్ళో వల్లెవేసిందే. దాన్ని వివరించడానికి ఎల్లిస్ ఆశ్రయించింది ‘ఆంధ్రదీపిక’ కర్త, మా బందరు వాస్తవ్యుడు మామిడి వెంకయ్యను. వెంకయ్య గురించి ట్రౌట్‌మన్ ఇంకాస్త రాసి ఉంటే బాగుండేదనిపించింది గాని, అది ఊరి అభిమానం కావచ్చు. ట్రౌట్‌మన్ వాదన సారాంశం కూడా ఇదే: యూరపు వారు తెచ్చిన వంశవృక్షపు ఊహ, ఇక్కడి వ్యాకరణ శాస్త్రం మద్రాసులో కలుసుకోకపోతే ఆ రుజువు పుట్టేది కాదు. కనుక ఇది దొరల కుట్ర అనేవారు పట్టాభిరామశాస్త్రినీ వెంకయ్యనూ ఆ కుట్రలో చేర్చవలసి వస్తుంది.

ఎల్లిస్ 1819లో రామనాథపురంలో హఠాత్తుగా మరణించాడు. ఆయన రాతప్రతులు చాలావరకు మదురైలో ఒక దొర ఇంటి వంటవాడికి నెలల తరబడి పొయ్యి రాజేయడానికి, కోళ్ళను కాల్చడానికి పనికొచ్చాయని ఒక కథనం. ఆయన పేరు మరుగున పడిపోవడంలో దీని పాత్ర కొంత ఉండే ఉంటుంది.

భాషల గురించి చెప్పిన మాట జాతుల పోట్లాటగా ఎలా మారిందో ‘ఆర్యన్స్ అండ్ బ్రిటిష్ ఇండియా’ చెబుతుంది. ఋగ్వేదం అయిదో మండలంలో ఆర్యుల శత్రువులైన దస్యులను ‘అనాసః’ అన్న చోటు ఒకటుంది. వేదభాష్యకారుడు సాయణుడు దాన్ని ‘అన్–ఆస్’ అని విడదీసి, నోరు లేనివారు, అంటే సరైన మాట లేనివారు అని వ్యాఖ్యానించాడు. పందొమ్మిదో శతాబ్దపు సంస్కృత పండితుడు మాక్స్‌ముల్లర్ ‘అ–నాస్’ అని విడదీసి ముక్కు లేనివారు అన్నాడు. ఒక్క పదవిభాగంతో మాట తేడా కాస్తా ముఖం తేడా అయింది. 1901 జనాభా లెక్కలకు కమిషనరుగా ఉన్న రిజ్లీ అంతకు ముందే ముక్కుల కొలతలు తీసి కులాల హెచ్చుతగ్గులు లెక్కగట్టాడు. సంస్కృతం చేరిన భాషా కుటుంబానికి పేరుగా వాడిన ఆర్య శబ్దాన్ని రక్తానికీ పుర్రెలకూ అంటగట్టవద్దని 1888లో మాక్స్‌ముల్లరే మొత్తుకున్నా అప్పటికే ఆలస్యమైంది. ఫూలే, తిలక్ ఆ ఆర్య జాతి భావాన్ని పూర్తిగా వేర్వేరు ప్రయోజనాలకు వాడుకున్నారు. అంబేడ్కర్ 1946లో దాన్ని తోసిపుచ్చారు. మొహెంజొదారోలో దొరికిన అస్థిపంజరాలు ఆర్యుల దాడిలో చనిపోయినవారివంటూ ఇంద్రుణ్ణి ముద్దాయిగా నిలబెట్టిన పురావస్తు శాస్త్రవేత్త వీలర్ వాదనను 1964లో జార్జి డేల్స్ పూర్వపక్షం చేశాడు. వలసలే లేవని దీని అర్థం కాదు. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో మధ్య ఆసియా వైపు నుంచి జనం వచ్చి ఇక్కడివారితో కలిసినట్టు 2019లో ప్రాచీన డీఎన్ఏ అధ్యయనం చూపించింది. అయితే ఎవరు ఎవరిని తరిమారన్నది ఎల్లిస్ ధాతుపట్టిక చెప్పదు, చెప్పలేదు కూడా.

మరో సంగతి. ద్రావిడం అనగానే మనకు తమిళం గుర్తుకొస్తుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన గ్రంథంలో తెలుగును గోండి, కొండ, కువి భాషలతో ఒకే శాఖలో పెట్టారు. ఆ లెక్కన ఆదిలాబాదు గోండులు, అరకు కొండల్లోని కువి మాట్లాడేవారు భాషాపరంగా మనకు దగ్గర బంధువులు. మీ లేఖల్లో వారి ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

ట్రౌట్‌మన్ పుస్తకం కోసం మా జిల్లాలోని ఒక గ్రంథాలయానికి వెళ్ళి అడిగితే, అక్కడి కుర్రవాడు ఎంతో మర్యాదగా “ఏ పరీక్షకండీ, గ్రూప్ వన్‌కా?” అని అడిగాడు. అతని తప్పేమీ లేదు, అక్కడికి వచ్చేవారు అడిగేవి అవే. చివరికి మా అబ్బాయి హైదరాబాదు నుంచి తెప్పించి ఇచ్చాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆదివారం సంచికలో నెలకొక పేజీ ఇటువంటి గ్రంథాలకు కేటాయించండి. పొగడ్త సమీక్షలు కాదు. పుస్తకంలోని వాదనను, దానికున్న ఆధారాలను, ఇతర పండితుల అభ్యంతరాలను తెలుగులో విప్పి చెప్పే వ్యాసాలు కావాలి. మొదటి నెల 1816 నాటి ఎల్లిస్ వ్యాసంలోని ధాతువుల పట్టికలో కొంత భాగాన్ని, వరసలు చెదరకుండా, అచ్చువేయమని నా విన్నపం. ఆ పని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లోని వారెవరికైనా అప్పగించవచ్చు. తెలుగు మాటల ప్రూఫులు దిద్దే పని నాకిస్తే సంతోషంగా చేసిపెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
మచిలీపట్నం