మేడ మీద పాట ఆగుతోంది, కింద షాపు ఉంటుంది

మా షాపుకు వచ్చే మీ అందరికీ నమస్కారం.

విజయనగరంలో మా వాద్యాల షాపు మేడ మీద ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం జరిగే జానపద పాటల కూటాన్ని ఆపేస్తున్నాం. వచ్చే రెండో శనివారం జరిగేదే ఆఖరిది. కింద షాపు మాత్రం ఉంటుంది. హార్మోనియం తిత్తులు, డోలక్ మూతలు, గిటారు తీగలు, రిపేర్లు అన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి. ఈ సంగతి రాసి షాపు ముందు బోర్డు పెట్టిన మర్నాటి నుంచి కొందరు షాపే ఎత్తేస్తున్నామనుకుని, రిపేరుకిచ్చిన వాద్యాలు వెనక్కి తీసుకెళ్లడానికి కంగారుగా వచ్చారు. అందుకే ముందుగా ఈ మాట చెబుతున్నాను.

బోర్డు పెట్టి పదిహేను రోజులైంది. ఈ పదిహేను రోజుల్లో ఎన్ని మెసేజ్‌లు, ఎన్ని ఉత్తరాలు! పార్వతీపురం నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చి, కౌంటరు ముందు నిలబడి ఒక పాట పూర్తిగా పాడి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. బరంపురంలో ఉన్న మా పాత కస్టమరు ఒకావిడ వాయిస్ పంపింది. పెళ్లికి ముందు మేడ మీద నేర్చుకున్న ఊడుపు పాటను ఇప్పుడు కోడలికి నేర్పుతోందట. రాత్రి షట్టరు దించాక అవన్నీ వింటూ చాలాసేపు కూర్చుంటున్నాను. ఇంత ప్రేమ ఉందని తెలియక కాదు. తెలిసి కూడా ఆపాల్సి వచ్చింది. ఎందుకో చెప్పకుండా ఊరుకుంటే మీకు అన్యాయం చేసినట్టే.

మొదలెలా అయిందో కొత్తవాళ్లకు తెలియదు. మా నాన్న హార్మోనియాలు, మృదంగాలు బాగుచేసేవాడు. ఈ ఊళ్లో ఆ పనికి కొదవ ఉండేది కాదు. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఇక్కడిదే. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడ చదువుకున్నారు. ఈ పేర్లు వింటూ పెరిగిన ఊరు కాబట్టి మా షాపుకు వచ్చేవాళ్లలో సంగీతం మాస్టార్లే ఎక్కువ. జముకులు, తప్పెటలు, డప్పులు పట్టుకొచ్చేవాళ్లు కూడా వచ్చేవారు. కానీ వాళ్లు మెట్ల పక్క సందులో నిలబడి పిలిచేవారు.

ఒకరోజు చీపురుపల్లి వైపు నుంచి ఒక ముసలాయన జముకు తెచ్చాడు. జముకు చూడని పిల్లలకు చెబుతాను. అడుగున తోలు బిగించిన గుండ్రటి డొల్ల అది. తోలు మధ్యలోంచి ఒకే ఒక్క తీగ పైకి వస్తుంది, ఆ తీగ చివర చిన్న పుల్ల. డొల్లను చంకలో ఇరికించుకుని, పుల్లతో తీగను లాగుతూ వదులుతూ మీటాలి. బిగించినప్పుడు ఒక గొంతు, వదిలినప్పుడు ఒక గొంతు. "పలకటం నేదు బావూ" అని నాన్న చేతిలో పెట్టాడు. నాన్న తోలు మార్చాడు. సరిగ్గా ఉందో లేదో చూడమంటే, ఆయన సందులోనే నిలబడి ఎల్లమ్మ కథ ఎత్తుకున్నాడు. చూసిపోదామని ఆగినవాళ్లు గంటన్నర కదల్లేదు. రిక్షాలు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే నాన్న మేడ మీద గోడౌన్లో ఉన్న చెక్కపెట్టెలు ఒక మూలకు జరిపించి రెండు జంపకానాలు పరిచాడు. ముప్పై మూడేళ్ల కిందటి మాట.

అక్కడ ఏం జరిగేదో రాయడానికి ఈ కాగితం చాలదు. వేదిక ఉండేది కాదు, మైకు ఉండేది కాదు. పాడేవాళ్లు, వినేవాళ్లు ఒకే జంపకానా మీద కూర్చునేవారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడాలి, రాకపోతే రెండో చరణానికి వచ్చేస్తుంది. దంపుడు పాటలు, ఉయ్యాల పాటలు, పడవ లాగేటప్పుడు పాడేవి, కూలికెళ్లే ఆడవాళ్లు మేస్త్రీ మీద కట్టినవి. ఆ చివరివాటిని మేస్త్రీలే అడిగి మరీ పాడించుకునేవారు. ఒకే పాట సాలూరు వాళ్లు ఒక రకంగా, భోగాపురం వాళ్లు ఇంకో రకంగా పాడితే ఏది సరైనదని వాదన మొదలయ్యేది. నాన్న ఎప్పుడూ తీర్పు చెప్పలేదు. ఇద్దర్నీ మళ్లీ పాడమనేవాడు.

తప్పెటగుళ్లు వాళ్లను మాత్రం మేడ మీదికి ఎక్కించలేకపోయాం. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో పదిహేను మంది ఒక్కసారి ఎగిరితే మా స్లాబు ఆగదని మేస్త్రీ చెప్పేశాడు. వాళ్ల కోసం సందు మూసేవాళ్లం. పైడితల్లమ్మ సిరిమాను పండగకు ముందు వాళ్ల తప్పెటలు బిగింపుకు వచ్చేవి, అప్పుడే సందులో ఆట కూడా అయ్యేది. ఎదురింటి వాళ్లు డాబాల మీద కుర్చీలు వేసుకునేవారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కూడా చెయ్యి తప్పకుండా వాయించడం చూసి, సంగీతం కాలేజీలో మృదంగం నేర్చుకునే కుర్రాడు ఒకడు నా పక్కన ఏడ్చేశాడు.

మరచిపోలేని శనివారం 2014 అక్టోబరు 11. మర్నాడు హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి, అయినా తొమ్మిది మంది వచ్చారు. తొందరగా వెళ్లిపోండని నాన్న అంటూనే ఉన్నాడు, వాళ్లు పాడుతూనే ఉన్నారు. ఆదివారం మేడ మీద రేకులు లేచిపోయి, మూడు డోలక్‌లు, ఒక తంబుర తడిసి పాడయ్యాయి. కరెంటు రాని రోజుల్లో ఆ తొమ్మిది మందిలో ఐదుగురు వచ్చి తోళ్లు ఆరబెట్టి, చెక్కలు తుడిచిపెట్టారు. కూలి ఇస్తే తీసుకోలేదు.

ఇక నాకు కష్టమైన సంగతికి వస్తాను. వచ్చిన సందేశాలన్నిట్లో నాన్నను చాలా గొప్పగా రాశారు. కులం, మతం చూడకుండా అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టాడని నలుగురైదుగురు రాశారు. ఒక్క సందేశం మాత్రం వేరుగా ఉంది. మా దగ్గర చాలాకాలం డప్పు వాయించిన ఒకాయన కూతురు రాసింది. ఆమె ఇప్పుడు స్కూలు టీచరు. "మా నాన్న మీ మేడ మీద టీ తాగేవాడు కాదు. ఎందుకో మీకు గుర్తుందా?" అంతే ఉంది అందులో.

గుర్తుంది. మొదటి ఏళ్లలో టీ పైకి మోసుకెళ్లింది నేనే, అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. అందరికీ గాజు గ్లాసులు. డప్పు వాళ్లకు మాత్రం వెనక గోడ మేకుకు వేలాడే రెండు స్టీలు గ్లాసులు, తాగినవాళ్లే కడిగి మళ్లీ మేకుకు తగిలించాలి. ఎవరూ నాతో ఇలా చెయ్యమని నోరు విప్పి చెప్పలేదు, చెప్పక్కర్లేకుండానే నాకు తెలుసు. పాటకు ఒకే జంపకానా, టీకి రెండు రకాల గ్లాసులు. ఆయన మర్యాదగా "నాకు అలవాటు లేదు బావూ" అనేవాడు. నేను దాన్ని నమ్మినట్టు ఉండిపోయాను. ఆ మేకు గ్లాసులు పోయింది మాకు బుద్ధి వచ్చి కాదు, పేపరు కప్పులు వచ్చాయి కాబట్టి.

ఆమెకు ఫోన్ చేసి క్షమించమన్నాను. "క్షమాపణ మీకు కావాలండీ. మాకు కావలసింది మా నాన్న డప్పు. మీ క్యాసెట్లలో ఉందా?" అని అడిగింది. మూడు రాత్రులు వెతికాను. నూట పన్నెండు క్యాసెట్లున్నాయి. డప్పు వాళ్లకు ఎప్పుడూ ఆఖర్లో అవకాశం ఇచ్చేవాళ్లం, అప్పటికి టేపు అయిపోయేది. అందుకే ఏ క్యాసెట్లోనూ దొరకలేదు, ఒక్కదాంట్లో తప్ప. అందులో పదకొండు నిమిషాలుంది. మొదట మంట దగ్గర డప్పు కాచుకుంటూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, తర్వాత దరువు. ఫోన్లోకి ఎక్కించి పంపాను. రెండు రోజుల తర్వాత "అమ్మ విన్నది" అని ఒక్క మెసేజ్ వచ్చింది.

ఇది చెప్పకుండా పొగడ్తలన్నీ నెత్తిన పెట్టుకోవడం నాకు చేతకాదు. నాన్న మంచి పని చేశాడు. ఈ తప్పూ చేశాడు, నేనూ చేశాను.

ఆపడానికి కారణాల విషయానికి వస్తే, "ఈ కాలం పిల్లలకు పాటలు అక్కర్లేదు" అని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. మా షాపుకొచ్చే కాలేజీ పిల్లల ఫోన్లలో జానపదాలే ఎక్కువ వినిపిస్తాయి. వంగపండు ప్రసాదరావు గారి పాట ఎత్తుకుంటే సగం మంది చివరిదాకా పాడతారు. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు జనం గుమికూడే రోజులు కావు, మేడ తెరవలేకపోయాం. ఆ రాత్రి ఫోన్లోనే ఒకరి తర్వాత ఒకరు పాడి పెట్టారు. అందులో ఇరవై ఏళ్ల వాళ్లే ఎక్కువ.

అసలు కారణం మా మెట్లు. ఇరవై రెండు మెట్లు, నిటారుగా, కమ్మీ ఒకవైపే. ఎవరి దగ్గర నేర్చుకోవడానికి ఆ పిల్లలు వస్తారో, ఆ పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారు. పోయిన ఏడాది ఒకావిడను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చారు. దిగేటప్పుడు ఒకరి కాలు జారింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి నుంచి ప్రతి రెండో శనివారం నాకు ఒకటే టెన్షన్. కొవిడ్ తర్వాత మళ్లీ తెరిచినప్పుడు పాత గొంతులు పదకొండు రాలేదు. వాళ్లలో కొందరు ఇక లేరు.

రెండోది డబ్బు. మేడకు అద్దె నెలకు తొమ్మిది వేలు. తలా యాభై రూపాయలు తీసుకుంటే మంచి నెలలో రెండు వేలు వచ్చేది. ఆ యాభై పెట్టినప్పుడు కొందరు బాధపడ్డారు, వ్యాపారం చేస్తున్నాడని అన్నారు. అందులో నేను రూపాయి ముట్టుకోలేదు. దూరం నుంచి వచ్చే కళాకారుల బస్సు చార్జీలకు, రాత్రి భోజనానికి పోయేది. తేడా షాపు మీద పడేది. ఇదివరకు షాపు మోసేది, ఇప్పుడు మోయలేకపోతోంది. ఊరి పండగల్లో డీజే బాక్సులు వచ్చాక తప్పెటలు, డప్పులు రిపేరుకు రావడం బాగా తగ్గింది. వచ్చేవి కూడా ఫైబరు మూత వేసేయమంటున్నారు. వాన పడినా సడలదు, కాచక్కర్లేదు, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. ఆ మోత మాత్రం తోలు మోత కాదు.

కింద షాపులో పెట్టొచ్చు కదా అని అడిగారు. కొలిచి చూశాను, కౌంటరు తీసేస్తే పద్దెనిమిది మంది పడతారు. కౌంటరు తీసేస్తే షాపు లేదు. ఎవరి దగ్గరైనా నేల మీద, మెట్లు లేని హాలు ఉంటే చెప్పండి. బల్లలు, జంపకానాలు, రెండు పెట్రోమాక్స్ లైట్లు ఉచితంగా ఇచ్చేస్తాను, నెలనెలా వచ్చి కూర్చుంటాను. నడిపే బాధ్యత మాత్రం ఇక నా వల్ల కాదు.

ఏడాది చందా కట్టినవాళ్లకు మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తున్నాం. పుస్తకంలో మీ పేరు పక్కన సంతకం పెట్టి తీసుకోండి. వద్దని చెప్పినవాళ్ల డబ్బు క్యాసెట్లు కంప్యూటరులోకి ఎక్కించడానికి వాడతాను. మీ ఇంటి వాళ్ల గొంతు వాటిలో ఉంటుందనిపిస్తే పేరు, ఊరు, సుమారు ఏ సంవత్సరమో రాసి ఇవ్వండి. దొరికితే కాపీ ఉచితంగా ఇస్తాను. టేపులు పాతవి, కొన్ని అంటుకుపోయాయి, కాబట్టి సమయం పడుతుంది. మేడ మీద వదిలేసిన వాద్యాలు పద్నాలుగు ఉన్నాయి, అన్నిటికీ చీటీలు కట్టాను. జముకు, తప్పెట, డప్పు రిపేరుకు నేను ఉన్నంతకాలం తోలు ఖరీదు తప్ప మజూరీ తీసుకోను.

ఆఖరి శనివారం మేడ మీద పెట్టడం లేదు. సందు మూయడానికి ఎదురింటి వాళ్లు ఒప్పుకున్నారు. సాయంత్రం ఐదున్నరకు మొదలు, ఎవరూ మెట్లెక్కక్కర్లేదు. తప్పెటగుళ్లు వాళ్లు వస్తామన్నారు. ఈసారి మొదటి అవకాశం డప్పుదే. టీచరు గారు తన తమ్ముణ్ని తీసుకొస్తానన్నారు, వాళ్ల నాన్న డప్పు ఇప్పుడు అతని దగ్గరే ఉందట. నిన్న తెచ్చి ఇచ్చాడు, అంచు దగ్గర తోలు చిరిగింది. మేకతోలు నానబెట్టాను, రేపు ఉదయం బిగిస్తాను, శనివారానికి ఆరిపోతుంది.