ఎనిమిదో పాట

కడప,
ఆదివారం పొద్దున

ఒరేయ్ సామీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంత ఆలస్యం చేసినందుకు ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పి తగ్గింది, మిద్దె పని అయిపోయింది, నీలం గొడుగు ఇంకా నా దగ్గరే భద్రంగా ఉంది. ఇక అసలు సంగతి. శుక్రవారం నుంచి నీకు ఎప్పుడు చెబుదామా అని ఆగలేకపోతున్నా.

అక్క కూతురు ఇంటర్ పరీక్షలు అయినప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. తాళ్లపాక చూపించుకొని రమ్మని అక్క మా ఇద్దర్నీ రాజంపేట బస్సు ఎక్కించింది. సీట్లో కూర్చోగానే పిల్ల ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టి, "మామా, మూడు పాటలు వరసగా విను. మధ్యలో మాట్లాడొద్దు" అంది.

అమెరికాలో టేలర్ స్విఫ్ట్ అని ఉందే, ఆమె 2020 జూలైలో తెచ్చిన 'ఫోక్‌లోర్' ఆల్బమ్ అది. జేమ్స్ అని పదిహేడేళ్ల పిల్లోడు, వాడి బెట్టీ, ఒక్క వేసవి వాడితో తిరిగిన ఇంకో పిల్ల. ముగ్గురికీ తలా ఒక పాట. ముగ్గురి ప్రేమకథ ఒకటి ఉందని ఆమె చెప్పింది గానీ, ఆ పాటలు పక్కపక్కన లేవురా! రెండోది బెట్టీది, ఎనిమిదోది ఆ ఇంకో పిల్లది, పద్నాలుగోది జేమ్స్‌ది. ఏ పాట ఎవరిదో అభిమానులే విని విని జత కలుపుకున్నారట.

పనితనం చూడు. మూడో పిల్ల కారు ఆపి వాడిని ఎక్కమంటుంది. ఆమె పాటలో అది దాచుకున్న జ్ఞాపకం. జేమ్స్ పాటలో అదే కారు వాడు చెప్పుకునే సాకు. బెట్టీ ఎవరి మంచం కిందో పడి ఉన్న పాత స్వెట్టర్‌తో తనను పోల్చుకుంటుంది. జేమ్స్ పాట ముగిసేసరికి అదే స్వెట్టర్ వేసుకుని వాడి ముందు నిలబడుతుంది. నాకు ఒళ్లు జలదరించింది.

ఒంటిమిట్ట దాటాక చూస్తే పిల్ల చున్నీ అంచు పళ్లతో పట్టుకుని ఉంది. కన్నీళ్లు ఇయర్‌ఫోన్ వైరు మీదుగా జారుతున్నాయి. "అందరూ బెట్టీ కోసమే ఏడుస్తారు మామా. ఆ మూడో అమ్మాయికి పాటల్లో పేరు కూడా లేదు. పోయిందని ఏడ్చే హక్కు కూడా లేదు" అంది. ఉత్త పాటే కదమ్మా అనబోయి నోరు మూసుకున్నా. ఎందుకో నీకు తెలుసు.

బోయనపల్లి దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కింద కూర్చున్నాక ఆమెకు చెప్పాను. ఈయన 1408లో పుట్టినవాడు, దొరికిన పాటల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే, అలమేలుమంగ అలిగితే ఆమె నోట పాడాడు, మధ్యలో రాయబారం నడిపితే చెలికత్తె నోట పాడాడు అని. పిల్ల చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా, "చెలికత్తె పాట ఒకటి వినిపించు మామా. పక్కన నిలబడే మనిషికి కూడా పాట కట్టాడు కదా" అంది.

తన కథేమిటో నేనడగలేదు. చెప్పినప్పుడు వింటాను.

సామీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హాస్టల్‌లో, ఆ సినిమా నుంచి వచ్చాక, హీరో వదిలేసి పోయిన రెండో అమ్మాయి కోసం నువ్వు దుప్పటి కప్పుకుని ఏడ్చావు. నేను రూమంతా లేపి చెప్పాను. ఏడాది పొడుగునా నిన్ను అందరూ సెకండ్ హీరోయిన్ అని పిలిచారు. నీ ట్రంకు పెట్టెలో పెళ్లి కార్డు ఉన్న సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఇన్నేళ్లు నీతో ఆ మాట ఎత్తలేకపోయాను. సినిమాలో అమ్మాయి కోసమే ఏడుస్తున్నావనుకున్నా, నువ్వేమో...

క్షమించరా.

కింద బావ హారన్ కొడుతున్నాడు, కారం దోసెకు ఏడు రోడ్ల దాకా పోవాలట. పిల్ల కూడా వస్తానంది, చెప్పులు వేసుకుంటోంది. దారిలో ఇది పోస్టు డబ్బాలో వేస్తా. నువ్వు ముందు ఎనిమిదో పాట విను, ఒక్కడివే ఉన్నప్పుడు. విన్నాక నాకు