క్రీడల మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ: మూడువందల ర్యాంకు ఆటగాడి సంగతి ఎవరు చూస్తారు?

కేంద్ర క్రీడల శాఖ మంత్రిగారికి నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, ఇది సానియా మీర్జా గురించో రోహన్ బోపన్న గురించో రాస్తున్న ఉత్తరం కాదు. వాళ్ళు గెలవాల్సినవి గెలిచారు, మనం కప్పాల్సిన శాలువాలు కప్పేశాం. 2024 జనవరిలో 43 ఏళ్ళ బోపన్న ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి నంబర్ వన్ అయినప్పుడు నేనూ ఇంట్లో గంతులేసినవాణ్ణే. నేను మాట్లాడేది ప్రపంచ టెన్నిస్ ర్యాంకుల్లో 250కీ 600కీ మధ్య ఎక్కడో ఉన్న మన అబ్బాయిల గురించి, అమ్మాయిల గురించి. వాళ్ళ పేర్లు పేపర్లో రావు. వచ్చినా ఆటల పేజీలో అడుగున ఒక్క లైను.

నాకో పాడలవాటు ఉంది. రాత్రి పడుకునే ముందు ఫోన్లో చిన్న టోర్నీల స్కోర్లు చూస్తాను. ట్యునీషియాలో మొనాస్తిర్, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, టర్కీలో అంటాల్యా, ఇలాంటి చోట్ల వారం తర్వాత వారం టోర్నీలు నడుస్తూనే ఉంటాయి. ప్రయాణం ఖర్చు లేకుండా అక్కడే వరసగా నాలుగైదు వారాలు ఆడేయొచ్చని మనవాళ్ళు వెళ్తారు. మా పిన్ని కొడుకు కూడా అలా వెళ్ళినవాడే. అయిదేళ్ళు తిరిగాడు. గదిలో ముగ్గురు సర్దుకునేవాళ్ళు, పొద్దున ఎవడి మీద ఆడాలో వాడితోనే ముందు రోజు ప్రాక్టీసు, ఖాళీ దొరికితే మిగతా కుర్రాళ్ళ రాకెట్లకి గట్టింగ్ చేసి (అంటే తీగలు బిగించి) నాలుగు డబ్బులు సంపాదించుకోవడం. ఆట బాగానే ఉండేది వాడిది. డబ్బులైపోయి మానేశాడు, అంతే.

లెక్క చెప్తాను వినండి. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు ఎం15 టోర్నీ. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. సింగిల్స్ గెలిచినవాడికి 2,160 డాలర్లు వస్తాయి. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, మొదటి రౌండులోనే ఓడిపోతే 156 డాలర్లు, అంటే మన డబ్బులో పద్నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ. దాంట్లోంచే హోటలు, తిండి, గట్టింగ్, తిరుగు టికెట్టు. కోచ్ అనే మాటే ఎత్తకండి. నేనేదో ఆవేశంతో అంటున్నది కాదిది, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 సీజన్ లెక్కలు తీసి తనే చెప్పింది: ఖర్చులకి సరిపడా సంపాదించాలంటే మగవాళ్ళలో 336వ ర్యాంకులోపు, ఆడవాళ్ళలో 253లోపు ఉండాలి. అదీ కోచ్ జీతం కలపకుండా.

ఈ మధ్య పై మెట్ల మీద కొంచెం మెరుగైంది, కాదనను. మగవాళ్ళ టెన్నిస్ టూర్ నడిపే ఏటీపీ 2024 నుంచి కనీస ఆదాయానికి హామీ ఇస్తోంది. 2024 లెక్క ప్రకారం మొదటి వందమందికి ఏడాదికి 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షన్నర, 176 నుంచి 250 వరకు 75 వేలు. అంతకంటే తక్కువ సంపాదిస్తే మిగతాది వాళ్ళే వేస్తారు. మంచిదే. కానీ గీత 250 దగ్గర ఆగిపోయింది కదా సార్. 251వ వాడు ఎవరి బాధ్యత? నా దృష్టిలో సరిగ్గా అక్కడే దేశపు టెన్నిస్ సంఘం పని మొదలవ్వాలి. 600 నుంచి 250కి చేర్చడం దాని పని, ఆపైన ఆట తన కూడు తనే పెడుతుంది.

మరి మన దగ్గర జరిగేదేమిటి? మీ శాఖ డబ్బు ఇచ్చే పద్ధతి అంతా ఒలింపిక్స్ చుట్టూ తిరుగుతుంది. ఒలింపిక్ పతకం తేగలరనుకున్నవాళ్ళకి సాయం చేసే, 2014లో మొదలైన టాప్స్ పథకం మంచిదే, దాని వల్ల షూటింగ్‌కీ బ్యాడ్మింటన్‌కీ జరిగిన మేలు కళ్ళముందే ఉంది. కోర్ గ్రూపులో ఉంటే నెలకి 50,000 రూపాయల చేతి ఖర్చు కూడా ఇస్తారు. కానీ ఆ పథకం అడిగే మొదటి ప్రశ్న ‘పతకం వస్తుందా?’ అని. టెన్నిస్ ఆటగాడికి నాలుగేళ్ళకోసారి వచ్చే పరీక్ష కాదిది, ఏడాదికి పదకొండు నెలలు ప్రతి సోమవారం కొత్త టోర్నీ, ప్రతి సోమవారం కొత్త ర్యాంకు. ఒలింపిక్స్ సింగిల్స్‌లో కూడా ఎక్కువ మందిని తీసుకునేది ర్యాంకు చూసే. అంటే వారం వారం గెలవడానికి సాయం చేయకుండా పతకం రాదు, పతకం వచ్చేలా లేకపోతే సాయం రాదు. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది.

జాతీయ శిబిరాల సంగతీ ఇంతే. రెజ్లింగ్‌కి, హాకీకి నెలల తరబడి క్యాంపు పెడితే ఉపయోగం ఉంటుంది. టెన్నిస్ వాడు క్యాంపులో కూర్చుంటే అన్ని వారాల పాయింట్లు పోతాయి. వాడి క్యాంపు విమానాశ్రయమే. సంఘాలు ఏడాది ప్రణాళిక మీ శాఖకి ఇచ్చి డబ్బు తీసుకునేటప్పుడు ఎన్ని శిబిరాలు పెట్టామో చూపించడం తేలిక. ఎంతమందిని 500 నుంచి 300కి తెచ్చారని ఎవరైనా అడిగారా? నాకు తెలియక అడుగుతున్నాను.

సుమిత్ నగల్ కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2021లో తుంటికి ఆపరేషన్ అయింది, ర్యాంకు పడింది, దాంతో పాటే టాప్స్ నుంచి పేరు పోయింది. దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు 2023 సెప్టెంబరులో తన ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మాట బయటికొచ్చాక స్పాన్సర్లు కదిలారు, సంతోషం. నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) ఆడి మెయిన్ డ్రాకి వచ్చి, 31వ సీడ్ (పెద్ద ర్యాంకుల వాళ్ళకి టోర్నీ ఇచ్చే వరస) బుబ్లిక్‌ని మూడు సెట్లలో ఓడించాడు. గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో ఒక సీడెడ్ ఆటగాణ్ణి భారతీయుడు ఓడించడం 1989 తర్వాత అదే, అప్పుడు రమేష్ కృష్ణన్ విలాండర్‌ని ఓడించాడు. ఆ ఒక్క గెలుపుతో నగల్‌కి దక్కింది 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు.

ఇందులో నన్ను కుదిపేసేది గెలుపు కాదు. గాయమై ర్యాంకు పడ్డప్పుడే ఆటగాడికి డబ్బు అన్నిటికంటే ఎక్కువ కావాలి. ఫిజియో కావాలి, ట్రైనర్ కావాలి, ఆదాయం సున్నా. మన పద్ధతిలో సరిగ్గా అప్పుడే కుళాయి కట్టేస్తారు. ఏటీపీ, ఆడవాళ్ళ టూర్ నడిపే డబ్ల్యూటీఏ కూడా గాయపడ్డవాళ్ళకి పాత ర్యాంకుతో టోర్నీల్లోకి రానిచ్చే సౌకర్యం పెట్టాయి కదా, ఆర్థిక సాయంలో కూడా అలాంటిది ఒకటి ఎందుకు ఉండకూడదు? ఏడాదో ఏడాదిన్నరో పాత ర్యాంకుకి ఇచ్చినట్టే ఇవ్వండి.

ఇంకో సంగతి. ఆ బుబ్లిక్ పుట్టింది రష్యాలో, ఆడేది కజకిస్తాన్‌కి. 2022లో వింబుల్డన్ గెలిచిన రిబాకినా కూడా మాస్కోలో పుట్టిన పిల్ల, 2018లో కజకిస్తాన్‌కి మారింది. ఎందుకు మారారు? ఆ సంఘం కోచ్, ప్రయాణం, శిక్షణ ఖర్చులు పెట్టుకుంటానంది కాబట్టి. ఆటగాళ్ళని అలా తెచ్చుకోవడం గొప్ప విషయమని నేననను, మనం అలా చేయాలనీ అనను. కానీ ఒక టీనేజరుకి సరైన సమయంలో ఖర్చులు పెట్టుకుంటే ఏమవుతుందో దానికంటే స్పష్టంగా ఎవరూ చూపించలేదు.

మీరు అనొచ్చు, బ్రిటన్‌కి వింబుల్డన్ ఉంది, మిగులులో 90 శాతం వాళ్ళ టెన్నిస్ సంఘానికే వెళ్తుంది, మనకేముంది అని. నిజమే. గ్రాండ్ స్లామ్ ఉన్న దేశాల దారి వేరు. అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా సంఘాలైతే తమ స్లామ్‌ల వైల్డ్ కార్డుల్ని (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు నేరుగా ఇచ్చే చోటు) కూడా తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకే ఇటలీని చూడమంటాను. దానికి గ్రాండ్ స్లామ్ లేదు. (రోమ్ మాస్టర్స్ టోర్నీ ఉంది, అది పెద్ద ఆదాయమే, దాచడం ఎందుకు.) ఇరవై ఏళ్ళ కిందట ఇటలీ మగవాళ్ళ టెన్నిస్ గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఇవాళ సిన్నర్, ముసెట్టి, బెర్రెట్టిని, అమ్మాయిల్లో పావొలీని. 2023, 2024, 2025, వరసగా మూడేళ్ళు దేశాల జట్లు ఆడే డేవిస్ కప్పు వాళ్ళదే. వాళ్ళు చేసినవాటిలో నాకు నచ్చింది రెండు పనులు. ఏడాదికి ఇరవైకి పైగా ఛాలెంజర్ టోర్నీలు (ఏటీపీ టూర్‌కి ఒక మెట్టు కింద ఉండేవి) సొంతగడ్డ మీదే పెట్టుకున్నారు, కాబట్టి 300వ ర్యాంకు కుర్రాడు విమానం ఎక్కకుండానే సీజన్లో సగం ఆడగలడు, వైల్డ్ కార్డు కూడా ఇంటివాళ్ళ చేతిలోనే ఉంటుంది. రెండోది, పిల్లల్ని వాళ్ళ కోచ్‌ల దగ్గర్నుంచి లాక్కొచ్చి జాతీయ కేంద్రంలో పడేయడం తగ్గించుకుని, ప్రైవేటు కోచ్ దగ్గరే ఉండనిచ్చి పక్కనుంచి సాయం చేశారు. సిన్నర్ పెరిగింది పియాట్టి అనే కోచ్ ప్రైవేటు అకాడమీలో.

సొంతగడ్డ మీద టోర్నీ ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇటలీ దాకా కూడా అక్కర్లేదు. 2005 ఫిబ్రవరిలో సానియా తన మొదటి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది హైదరాబాద్ ఓపెన్‌లోనే. అంతకు నెల ముందు ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్ళింది వైల్డ్ కార్డుతో. ఆ హైదరాబాద్ టోర్నీ తర్వాత లేకుండా పోయింది. నగల్ మొదటి వందలోకి అడుగుపెట్టింది 2024 ఫిబ్రవరిలో చెన్నై ఛాలెంజర్ గెలిచి. 2025లో ముంబై డబ్ల్యూటీఏ 125 టోర్నీలో (అమ్మాయిల్లో పెద్ద టూర్‌కి ఒక మెట్టు కింద) పదిహేనేళ్ళ మాయా రాజేశ్వరన్ క్వాలిఫయింగ్ నుంచి వచ్చి సెమీస్ ఆడింది. ఇవి కాకతాళీయాలంటారా? నాకైతే అనిపించదు. ఇక మనకున్న ఒకే ఒక్క ఏటీపీ టూర్ టోర్నీ, ఇరవై ఏళ్ళపాటు చెన్నైలో నడిచి, 2018లో పుణెకి మారి, 2023తో దేశం నుంచే వెళ్ళిపోయింది. అప్పుడు ఎవరూ పెద్దగా ఏడ్చినట్టు కూడా లేదు.

ఇప్పుడు మనకి ఛాలెంజర్లు లేవని కాదు. జనవరి మార్చి మధ్య నాలుగైదు వారాలు వరసగా వచ్చి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత యూరప్. యూరప్ అంటే వీసా, వీసా అంటే టెన్షన్. ఫ్రాన్స్ కుర్రాడు రైలెక్కి వెళ్ళే టోర్నీకి మనవాడు నెల ముందు నుంచి కాగితాలు పట్టుకుని తిరగాలి. ఈ ఒక్క విషయంలో మీ శాఖ విదేశాంగ శాఖతో మాట్లాడి ర్యాంకున్న ఆటగాళ్ళకి ఒక దారి చూపిస్తే దమ్మిడీ ఖర్చు లేకుండా పెద్ద ఉపకారం అవుతుంది.

డేవిస్ కప్ గొడవల మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. 2024లో నగల్ 50,000 డాలర్లు అడిగాడని ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ బయటపెట్టింది, ఆటగాడికి పారితోషికం ఇవ్వడం అన్నిచోట్లా ఉన్నదే అని అతనూ బదులిచ్చాడు. దేశభక్తి గురించి నాలుగు రోజులు టీవీలో అరుచుకున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే నగల్ స్విట్జర్లాండ్ వెళ్ళి జట్టుని గెలిపించాడు, 1993 తర్వాత యూరప్ జట్టుని వాళ్ళ గడ్డ మీద ఓడించడం అదే మొదలు. అతనితో పాటు మెరిసిన దక్షిణేశ్వర్ సురేశ్ ఎక్కడ ఆడి పదును తేలాడో చూడండి, అమెరికాలో కాలేజీ టెన్నిస్‌లో. అంతకుముందు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్‌దీ అదే దారి. స్కాలర్‌షిప్, కోచ్, జిమ్, ఫిజియో అన్నీ ఓ పరాయి విశ్వవిద్యాలయం ఇస్తుంది, జెండా మనం ఇస్తాం. సిగ్గుపడాల్సిన పని లేదు గానీ, ఆ పిల్లలు చదువు ముగించుకుని టూర్‌కి వచ్చిన మొదటి రెండేళ్ళయినా మనం పట్టుకోవద్దా?

నేను అడిగేది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఒక్కో ఆటగాడికి ఒక్కో విదేశీ కోచ్‌ని పెట్టమనట్లేదు. నలుగురికి కలిపి టూర్‌లో వెంట తిరిగే ఒక కోచ్, ఒక ఫిజియో చాలు. పరాయి ఊళ్ళో ఓడిపోయిన రాత్రి మాట్లాడే మనిషి ఉండటం ఎంత పెద్ద విషయమో మా వాడు ఇప్పటికీ చెప్తాడు. వాళ్ళని ఎలా ఎంచారో కాగితం మీద పెట్టండి: ఫలానా వయసుకి ఫలానా ర్యాంకు ఉంటే ఫలానా సాయం, వైల్డ్ కార్డు ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు. అన్నీ బహిరంగంగా. మా వాడు ఒకసారి సాయం కోసం ఒక ఆఫీసుకి అర్జీ పెడితే, అక్కడి పెద్దమనిషి ‘ఎవరి తాలూకు బాబూ నువ్వు’ అని అడిగాడట. ర్యాంకు అడగలేదు.

2025లో మీరే జాతీయ క్రీడా పరిపాలన చట్టం తెచ్చారు. సంఘాలకి గుర్తింపు ఇచ్చే బోర్డు, తగాదాలకి ట్రిబ్యునల్, కార్యవర్గంలో క్రీడాకారులకి చోటు, చదువుతుంటే బాగానే ఉంది. టెన్నిస్ సంఘం 2024 ఎన్నికల ఫలితాలు ఢిల్లీ హైకోర్టు వ్యవహారంలో పడి సీల్డ్ కవర్లోకి వెళ్ళిన సంగతి మీకు నేను చెప్పాలా. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు, కూర్చున్నవాళ్ళకి డబ్బు ఇచ్చేటప్పుడు శిబిరాల లెక్క బదులు ర్యాంకుల లెక్క అడగండి, అదొక్కటీ మీ చేతిలో పనే.

మా పిన్ని కొడుకు ఇప్పుడు పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. వాడి దగ్గరికి పదమూడేళ్ళ అమ్మాయి వస్తుంది, బ్యాక్‌హ్యాండ్ కొడితే బంతి గీత మీద పడుతుందట. మొన్న వాళ్ళ నాన్న మా వాణ్ణి అడిగాడు, ‘మా పాప ప్రొఫెషనల్ అవ్వాలంటే పదహారేళ్ళ తర్వాత ఎవరిని కలవాలి, ఎంత ఇస్తారు, ఏం అర్హత ఉండాలి?’ అని. వాడు నన్నడిగాడు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను. జవాబు ఏ వెబ్‌సైట్లో ఏ పేజీలో ఉందో చెప్పండి, ఆ లింకు ఆయనకి పంపిస్తాను.

ఇట్లు,
రాత్రిళ్ళు ఛాలెంజర్ స్కోర్లు చూసే ఒక అభిమాని