బరువు దుప్పటి కొనేముందు మీరు కాటా ఎక్కండి

సంపాదకుడు గారికి,

నిద్ర పట్టనివారికి బరువు దుప్పటి (లోపల గాజు గుండ్లలాంటివి పోసి కుట్టి, కావాలనే బరువు పెంచిన దుప్పటి) మంచిదన్న ప్రకటనలు ఇప్పుడు రాయగడ, కోరాపుట్, జయపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లలోని ఫోన్లకూ వస్తున్నాయి. తెప్పించుకున్నవారిలో చాలామంది కొద్దిరోజులు కప్పుకుని అటక మీద పడేస్తున్నారు. దుప్పటిలో దోషం కన్నా ఎంపికలో దోషమే ఎక్కువని, పరుపులు, బొంతలు కుట్టే పనిలో ఉన్నవాళ్లుగా మా అభిప్రాయం.

ముందు బరువు సంగతి. మనిషి బరువులో పదోవంతు అన్నది వాడుకలో ఉన్న లెక్క. 60 కిలోల మనిషికి 6 కిలోలు, 45 కిలోలవారికి నాలుగున్నర. ఇది వ్యాపారంలో స్థిరపడిన లెక్కే గాని వైద్యులు తేల్చిన కొలత కాదు. అరకిలో అటూఇటూ అయినా ఫర్వాలేదు, సందేహం వస్తే తక్కువ వైపే మొగ్గండి. ఆన్‌లైన్‌లో బరువు తరచు పౌండ్లలో ఉంటుంది: 15 పౌండ్లంటే 6.8 కిలోలు, 20 పౌండ్లంటే 9 కిలోలు. 50 కిలోల మనిషి 9 కిలోలది కప్పుకుంటే తెల్లారేసరికి భుజాలు పట్టేస్తాయి. వెల్లకిలా పడుకుని ఒంటిచేత్తో పక్కకు నెట్టెయ్యగలిగితేనే ఆ దుప్పటి మీది.

ఫలితం ఉంటుందా అంటే, కొందరికి ఉంటుంది. 2020లో ప్రచురించిన స్వీడన్ అధ్యయనంలో మానసిక సమస్యలతోపాటు నిద్రలేమి ఉన్న 120 మందిని నాలుగు వారాలు పరిశీలించారు. గొలుసులు పెట్టి కుట్టిన 8 కిలోల దుప్పటి (బరువనిపిస్తే 6 కిలోలది) కప్పుకున్నవారిలో సగానికి పైగా మందికి నిద్రలేమి తీవ్రత సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గింది. కిలోన్నర దుప్పటి ఇచ్చినవారిలో అంత మార్పు కనిపించింది బహు కొద్దిమందికే. ఆటిజం ఉన్న పిల్లలపై 2014లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో మాత్రం నిద్రపోయే సమయం పెరగలేదు.

అయితే స్వీడన్ చలి మనకు లేదు. సునాబెడ, సిమిలిగుడ కొండల మీద పుష్య మాసంలో పనికొచ్చే దుప్పటి బరంపురం ఉక్కపోతలో నరకం. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త దిగాలి. ముట్టుకుంటే మెత్తగా, వెల్వెట్‌లా ఉండే పాలియెస్టర్ గుడ్డ ఆ వేడిని పట్టి ఉంచుతుంది. ఫోటోలో అందంగా కనిపించేదీ, అటకెక్కేదీ ఎక్కువగా ఇదే. కోస్తా వైపువారు నూలు గుడ్డతో, లోపల దూది పొర పలచగా ఉన్నదే అడగాలి. అసలు వేసవిలో దాన్ని నడుము దాకా కప్పుకుంటే చాలు. కొండల మీదివారు కూడా మందపాటిది వెతకనక్కర్లేదు. పలచటి బరువు దుప్పటి ఒంటిమీద వేసి, పైన మామూలు కంబళి కప్పుకుంటే చలికి తగ్గట్టు తీసుకోవచ్చు, వేసుకోవచ్చు.

లోపల ఏం పోశారన్నది తర్వాతి ప్రశ్న. గసగసాలంత గాజు గుండ్లు అన్నిటికన్నా మేలు. ప్లాస్టిక్ గుళికలు తేలిక కాబట్టి అదే బరువుకి ఎక్కువ పొయ్యాలి, దుప్పటి ఉబ్బుతుంది, కదిలితే గరగరమంటుంది. ఇంట్లో కుట్టించేవారు కొందరు బియ్యం, పెసలు, ఇసుక పోయిస్తామంటున్నారు. దయచేసి వద్దు. గింజలకు పురుగు పడుతుంది, ఉతికితే పెసలు మొలకెత్తుతాయి. ఇసుక మన వానాకాలంలో చెమ్మ పట్టి వాసన వేస్తుంది.

కుట్టించుకోదలచినవారికి మా లెక్క ఇదీ. 120 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు దుప్పటిలో 10 సెంటీమీటర్ల గడులు (గుండ్లు పోసే చదరపు అరలు) వేస్తే 12 నిలువు వరుసలు, 18 అడ్డ వరుసలు, మొత్తం 216 గడులు. 6 కిలోల దుప్పటిలో గుడ్డ, దూది పొరలు సుమారు 1.2 కిలోలు పోతాయి. మిగిలిన 4.8 కిలోలు పంచితే గడికి 22 గ్రాములు. ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక్కసారి 22 గ్రాములు తూచి, చిన్న గ్లాసుకి గీత పెట్టుకుంటే ప్రతిసారీ తూచక్కర్లేదు. మూడువైపులా మూసి, నిలువు కుట్లు వేసి, ఒక్కో గొట్టంలో గ్లాసెడు పోసి కిందికి దులిపి, అడ్డంగా కుట్టాలి. మళ్లీ పొయ్యాలి. కుట్టే గీత దగ్గర పిన్నులు గుచ్చి గుండ్లను వెనక్కి ఆపకపోతే సూది కిందికి ఒక్క గుండు వచ్చినా సూది విరుగుతుంది, గాజు పెంకు లోపలే ఉండిపోతుంది. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు దాటకూడదు. సగం అయ్యాక బరువు గుడ్డను వెనక్కి లాగుతుంది, మిషన్ పక్కన బల్ల వేసి ఆనించాలి. కోట్‌పాడ్ చేనేతైనా, పొందూరు ఖద్దరైనా పై గలీబుకి బాగుంటాయి. లోపలి సంచికి మాత్రం దట్టమైన నేతే కావాలి, లేకపోతే గుండ్లు రాలతాయి. రెడీమేడ్ కొన్నా గడి కొలవండి. 15 సెంటీమీటర్లు దాటితే ఒక్కో గడిలోని గుండ్లు ఒక మూలకు చేరి, అక్కడక్కడా బరువు, అక్కడక్కడా ఉత్త గుడ్డ మిగులుతుంది.

దుప్పటి మంచం అంచు దిగి వేలాడకూడదు. వేలాడితే రాత్రంతా కిందికి జారుతూనే ఉంటుంది. మన దగ్గర మరో ఇబ్బంది, పరుపు కింద దోపిన దోమతెర అంచుని అది లాగేస్తుంది. మలేరియా ఉన్న రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. దంపతులకు కలిపి ఒకటి కాకుండా ఎవరిది వారికి ఉండాలి.

ఉతకడం గలీబుదే తరచుగా. 7 కిలోల వాషింగ్ మిషన్‌లో 6 కిలోల బరువు దుప్పటి వేస్తే నీళ్లు తాగి ఇంకా బరువెక్కి డ్రమ్ము బేరింగులు పోవచ్చు. లోపలిది మురికైనప్పుడు మాత్రం టబ్బులో సబ్బు నీళ్లలో అదిమి, పిండకుండా నులక మంచం మీద పరచి ఆరబెట్టాలి. దండెం మీద వేస్తే గుండ్ల బరువుకి కుట్లు తెగుతాయి.

గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు, షుగరుతో కాళ్లు తిమ్మిరెక్కినవారు, గర్భిణులు డాక్టరుని అడగకుండా కొనకూడదు. పక్షవాతంతో చెయ్యి లేవనివారికీ, చంటిపిల్లలకూ అసలే వద్దు. 2022లో అమెరికాలో ఇద్దరు చిన్నారులు పిల్లల బరువు దుప్పటి గలీబు లోపలికి దూరి, బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. ఆ దుప్పట్లన్నిటినీ వెనక్కి తీసుకున్నారు. పిల్లలున్న ఇంట్లో గలీబు జిప్పుకి చిన్న కుట్టు వేసెయ్యండి.

అమ్మేవారు మొత్తం బరువు కిలోల్లో, గడి కొలత, లోపల పోసిన సరుకు, పై గుడ్డ రకం, ఎవరు వాడకూడదో ప్యాకెట్ మీద తెలుగులోనూ ఒడియాలోనూ ముద్రించేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
పరుపులు, బొంతలు కుట్టే పనివారు,
రాయగడ, ఒడిశా